సీసా మీద గాట్లు

మొన్న మనుమరాలు మైత్రీవనం దగ్గరి కోచింగు నుంచి వచ్చి, ఫార్మసీ లెక్కలు చేసుకుంటూ, పెద్దవాళ్ళకు ఎనిమిది పూటలొచ్చే మందు, పిల్లకు సగం మోతాదైతే ఎన్ని పూటలొస్తదో చెప్పు నానమ్మా అని నవ్వుతూ అడిగింది. పదహారు అన్న. నీకెట్ల తెలుసంటే లేచి వంటింట్లకు పోయిన.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటది, అప్పట్ల మందు సీసాకు అంచున గాట్లు పెట్టిన కాగితం పట్టీ అంటించేవాళ్ళు, పూటకొక గాటు మందు దిగాలె, చదువురానోళ్ళకు అదే చదువు. పంజాగుట్టల ఒక చిన్న దవాఖానల మా అక్క మొగుడు కాంపౌండరు. మొగుడు పోయి, కొడుకుతో అక్క పంచన చేరిన నాకు పట్టీలు కత్తిరించే పని పెట్టిండు. అక్షరం రాదు గని ఎనిమిది గాట్లు కండ్లు మూసుకొని పెట్టేదాన్ని. ఏ గాటు దాక తాపాలెనో మందు తీసుకపోయేటోళ్ళు బొటనవేలు ఆనించి చూపెట్టందే బావ సీసా ఇయ్యనిచ్చేవాడు కాదు.

ఒక వానకాలం అమీర్‌పేట నుంచి ఒకామె చలిజ్వరంతో కాలుతున్న మూడేండ్ల బిడ్డను ఎత్తుకొచ్చింది. బావ ఎప్పటి ఎనిమిది పూటల సీసాలనే క్వినైన్ మందు కలిపి నా ముందర పెట్టి, "జర చూడు పిల్లా, పసిది, పెద్దోళ్ళల్ల సగమే" అని ఇంకో రోగి దగ్గరికి పోయిండు. సగమంటే సగం గాట్లనుకున్న. నాలుగు పెట్టిన. మోతాదు సగమైతే గాట్లు రెట్టింపు కావాలని, నా గాటుకు ఆ పసిదానికి నాలుగింతల మందు పోతదని నాకేం తెలుసు? తల్లి మొదటి గాటు మీద వేలు సరిగ్గ ఆనించింది, మెచ్చుకొని పంపిన.

మూడోనాడు ఖాళీ సీసాతో వచ్చింది. "జ్వరమైతే పోయిందక్కా, గని పిలిస్తే మర్లి చూస్తలేదు" అన్నది. బావ సీసాను వెలుతురుకు పట్టి గాట్లు లెక్కబెట్టిండు, నా మొఖం చూసిండు, తడి గోటితో పట్టీ గీకేసిండు. క్వినైన్ ఎక్కువైతే చెవులు పోతయని తెలిసి సుత, జ్వరం చెవులకెక్కిందమ్మా అని ఆమెకు చెప్పిండు. నేను సుత నోరు మెదపలే. ఆనాటి నుంచి పట్టీలు ఆయనే కత్తిరించుకున్నడు.

ఆ పిల్లకు చెవులు మళ్ళ రాలే. తల్లి బతికున్నన్నాళ్ళు నాకు ధైర్యం చాలలే. నలభై దాటినంక అక్షరాలు నేర్చుకుంటే పురాణాలు చదవటానికనుకున్నరు అందరు. నోటితో చెప్తే పెద్దదైన ఆ పిల్లకు వినపడదు గనుక జరిగిందంత రాసి తీసుకపోయిన. ఆమె కాగితం అటు ఇటు తిప్పి, నవ్వి, నా చేతులనే పెట్టింది. వినపడని పిల్లకు బడెందుకని ఎవరూ పంపలేదంట.

ఇప్పుడు మందు మూతకే గీతలుంటయి, వేలు పెట్టి చూపెట్టుమనేటోడు లేడు. మనుమరాలు తప్పుపోయిన లెక్కను కొట్టేసి పక్కనే ఇంకోటి చేసుకుంటది. ఆ కాగితం ఇంక నా పెట్టెలనే ఉన్నది. అమీర్‌పేట బజారుల ఎదురుపడితే ఆమె ఇప్పటికీ ముందుగాల తనే నవ్వుతది.