గుర్వయ్య గోలెంలో కప్ప

1957 ఎండాకాలంలో నల్గొండ జిల్లాలో నీటికి సంబంధించి రెండు ఘనకార్యాలు నడుస్తుండేవి. ఒకటి, కృష్ణ మీద కడుతున్న పెద్ద కట్ట. రెండోది, కేతేపల్లి పక్క ఊళ్లో గుర్వయ్య పొద్దునొకసారి, మాపునొకసారి గోలెం మీది గోనెసంచిని తడపడం. మొదటిదానికి పునాదిరాయి, ఇంజనీర్లు, నక్షలు ఉన్నాయి. రెండోదానికి ఒక చెంబు ఉంది. చరిత్ర మొదటిదాన్నే రాసుకుంది కనుక రెండోదాని సంగతి ఇక్కడ చెప్పుకోవాలి.

గుర్వయ్య గొర్ల కాపరి, యాభై దాటిన మనిషి. వాళ్లింటికి ఊళ్లో ఒక హక్కు ఉంది. వానలు ఆలస్యమై ఆడవాళ్లు కప్పతల్లి ఆడితే, కప్పను తెచ్చిచ్చేది వాళ్లే. ఆ కప్పను రోకలికి కట్టి, వేపరెమ్మలు చుట్టి ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇల్లాలూ దాని మీద నీళ్లు గుమ్మరిస్తుంది. కప్ప బెకబెకమంటే వానదేవుడికి వినిపిస్తుందని నమ్మకం. నిరుడు గుర్వయ్య ఎండిన బావిలోంచి తెచ్చిన కప్ప నాలుగో ఇంటికే చచ్చింది.

"సచ్చిన కప్పను మోస్తె దేవునికేం ఇనపడ్తది?" అని రోకలి మోసే బిక్షమ్మ నడిబజార్లో అడిగింది.

ఆ వారంలోనే పటేలు జంగయ్య తన మెట్టచెలకలో మంద పెట్టే పని ఇంకో కాపరి గాలయ్యకు ఇచ్చాడు. మంద పెట్టడమంటే గొర్రెలను చెలకలో పడుకోబెట్టడం. చెలకకు ఎరువు, కాపరి ఇంటికి ఏడాది జొన్నలు. పదేళ్లుగా ఆ జొన్నలు గుర్వయ్యవి. కప్ప పోయింది, వెనకే జొన్నలూ పోయాయి. ఈ రెంటికీ ఉన్న సంబంధం గుర్వయ్యకు పట్టపగల్లా కనిపించింది.

అందుకే ఈసారి బావులు పూర్తిగా ఎండకముందే ఒక కప్పను పట్టి తెచ్చాడు. దాన్ని పెట్టడానికి ఇంట్లో గోలెం ఒక్కటే తగినది. అది బర్రెకు కుడితి పోసే గోలెం.

"మరి బర్రె యాడ తాగాలెనయ్యా?" అంది భార్య సత్తమ్మ.

"కుండల పొయ్యి."

"దాని మూతి కుండల పడ్తదా? నీ మూతంటె పడ్తది."

గోలెంను పందిరి నీడలో సగం దాకా పాతి, జానెడు వాగు ఇసుక పోసి, కుండపెంకు ఒకటి బోర్లించి, పైన తడిగోనె కప్పాడు. మూడోనాటికి కప్ప డొక్కలెగరేస్తూ గోలెం గోడకు కరుచుకుపోయింది. లోపల ఎండ లేదు, ఉడుకపోత ఉంది. గాలాడని తడి అంటే అన్నం ఉడికే కుండేనని గుర్వయ్యకు అప్పుడు తెలిసింది. గోనెను నాలుగు వేళ్ల మేర జరిపాడు. గాలాడింది గానీ ఇసుక ఎండింది. ఎంత మూయాలి, ఎంత తెరవాలి?

దీనికి ఆయనే ఒక సాధనం కనిపెట్టాడు. కొబ్బరిచిప్పలో నాలుగు దొడ్డుప్పు గల్లులు వేసి లోపల వేలాడదీశాడు. ఉప్పు చెమ్మగిల్లితే అంతా క్షేమం. పొడిగా ఉంటే చెంబెడు నీళ్లు. కరిగి నీరైతే గోనె ఇంకొంచెం జరపాలి. వేడి సంగతి తెలుసుకోవడానికి ఇసుకలో ముంజేయి పెట్టి కళ్లు మూసుకునేవాడు. చూసినవాళ్లు జపమనుకున్నారు.

"కూరల ఉప్పు లేదేందే?" అన్నాడొకనాడు.

"నీ కప్పనడుగు," అంది సత్తమ్మ.

తొలకరి మిరుగం కార్తె దాటి పది రోజులైనా చినుకు లేదు. శుక్రవారం కప్పతల్లి అన్నారు. బిక్షమ్మ పసుపు గిన్నెతో వచ్చింది. గుర్వయ్య కప్పను తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు.

"కప్పకు చీర కట్టినవా గుర్వన్నా?"

"గుడ్డ ఇప్పొద్దు. పసుపు రోకలికి రాయి, దానికి రాయకు. అది తోలుతోని నీళ్లు తాగుతది."

"గా ముచ్చట నీకు చెప్పిందా?"

"రెండు నెలలు సాకిన. చెప్పకుంటదా?"

"నన్ను ముప్పై ఏండ్ల సంది సాకుతుండు," అంది సత్తమ్మ. "ఒక్కనాడన్న జర నీళ్లు సల్లి సూడలే."

రోకలి వెనక గుర్వయ్య చెంబు పట్టుకొని, పెళ్లికూతురి తండ్రిలా నడిచాడు. నాలుగో ఇల్లు దాటాక గాని మామూలుగా ఊపిరి తీసుకోలేదు. పదకొండో ఇల్లు జంగయ్యది. ఆయన భార్య కృష్ణమ్మ బిందె వంచగానే కప్ప బెక్కుమంది. బజారంతా విన్నది.

"బతికే ఉన్నది, సూడు పటేలా," అన్నాడు గుర్వయ్య.

"ఉంటె ఉన్నది," అన్నాడు అరుగు మీది జంగయ్య. "గీ యేడన్న మంద పెడ్తవా, పెట్టవా?"

గుర్వయ్య చెంబు కింద పెట్టాడు. "నిరుడు కప్ప సచ్చిందనే గద, గాలయ్యకు ఇస్తివి?"

"కప్పేందిరా? గాలయ్య వచ్చి అడిగిండు, ఇచ్చిన. నువ్వు మొఖం సాటేస్తివి."

ఆ సాయంత్రం గుర్వయ్య కప్పను బావి అడుగు బురదలో విడిచి వచ్చి, గోలెంను తవ్వి తీసి కడిగాడు. బర్రె కుడితి తాగింది.