శామీర్‌పేటకు ఆకుపచ్చ జుట్టుతో

మంగళవారం ఉదయం ఏడూ ఇరవైకి మేడ్చల్‌లో ఇల్లు కదిలాను. తలకు చున్నీ బిగించి కట్టుకున్నాను. నా తెల్ల జుట్టు పది రోజులుగా ఆకుపచ్చగా మారుతోంది. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. కేన్సర్ మందులకు మొత్తం ఊడిపోయి, ఏడాదైనా జానెడు పెరగని జుట్టు అది. నల్లగా పోయి తెల్లగా వచ్చింది. వచ్చిందే చాలనుకున్నాను. ఆపరేషన్ తరవాత బిగుసుకుపోయిన ఎడమ చెయ్యి లేవాలంటే ఈత మంచిదని డాక్టరుగారు చెబితే, శామీర్‌పేట దగ్గర ఆడవాళ్ళకు ఈత నేర్పే కొలనులో చేరాను. చెయ్యి చెవిదాకా లేచింది, ఈలోగా జుట్టుకు ఈ రంగు పట్టింది.

"ఈత మానెయ్" అన్నారు మావారు. "రంగు వేసుకోకూడదని డాక్టర్లన్నారు కదాంటీ, కురచగా తీసేద్దాం" అంది పార్లరు అమ్మాయి. రెండూ నావల్ల కావు. ఆ నీళ్ళలో ఏం కలుపుతున్నారో కనుక్కుని, అవసరమైతే గట్టిగా దులిపేసి రావాలని బయల్దేరాను.

ఏడూ నలభై బస్సు ఎనిమిదైనా రాలేదు. బెంచీ మీద కూర్చున్నాను, లేచాను, టీ కొన్నాను, పానకంలా ఉంటే సగం పారబోశాను, మళ్ళీ కూర్చున్నాను. ఎనిమిదీ పదికి బస్సొచ్చింది. ఆధార్ చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. ఆడవాళ్ళు ఆ కార్డు మరిచిపోకండి.

పక్క సీట్లో కరివేపాకు మూటతో ఒక ముసలమ్మ. కుదుపుకి నా చున్నీ జారింది.

"గిదేంది బిడ్డా, నెత్తికి పాచి వట్టినట్టుంది?"

"ఈత కొడితే వచ్చిందమ్మా."

"గీ వయసుల ఈతేంది?" అని నవ్వి, రెండు రెబ్బలు తీసి నా చేతిలో పెట్టింది. "నూనెల ఏసి కాగబెట్టు."

ఒళ్ళు మండింది గానీ రెబ్బలు సంచిలో వేసుకున్నాను. దారంతా ఫోనులో కొలను మేనేజరుకి ఫిర్యాదు రాస్తూ, చెరుపుతూ, ఇంకా ఘాటుగా రాస్తూ కూర్చున్నాను.

తొమ్మిదింటికి శామీర్‌పేటలో దిగి, నలభై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను. మంగళవారం కొలనుకు సెలవు, శుభ్రం చేసే రోజు, అందుకే ఆ రోజు వచ్చాను. నేను వెళ్ళేసరికి కాపలా చూసే యాకూబ్, నలభై ఏళ్ళ మనిషి, బకెట్‌లో నీలం పలుకులు కరిగిస్తున్నాడు.

"ఏమిటది?"

"మైలుతుత్తం అమ్మా. వాన వడ్డది గద, పాచి రాకుండ."

"ఎన్నాళ్ళకోసారి వేస్తావు?"

"వాన వడ్డప్పుడల్లా. మాకు ద్రాక్షతోట ఉండె. వాన ఎల్వంగనే మందు గొట్టకుంటే ఆకు ఖరాబైతది. గదే లెక్క."

ఈ నెలంతా వానలే. ద్రాక్షతీగకు కొట్టినట్టు నా తలకు కొట్టాడన్నమాట. చున్నీ విప్పి చూపించాను. అతని చెయ్యి బకెట్‌లోనే ఆగిపోయింది. నేను తిట్లు మొదలుపెట్టే లోపే తల దించుకున్నాడు.

"మా నాయిన, అబ్బా గడ్డం గిట్లనే అయితుండె అమ్మా, మందు గొట్టినప్పుడు. మైలుతుత్తంల ఉండే రాగి అది. తెల్ల ఎంట్రుకలకే కనవడ్తది. మా అమ్మ చింతపండు రసంతోని కడుగుతుండె, రాగి చెంబు తోమినట్టు."

కొలను వెనకే వాళ్ళ గది. యాకూబ్ పిలిస్తే భార్య షాహీన్ వచ్చి సంగతి విని, చింతపండు గోరువెచ్చటి నీళ్ళలో నానేసింది. నేను గడప దగ్గరే నిలబడిపోయాను.

"ఇది ఊడితే మళ్ళీ రాదేమోనని భయం" అన్నాను. ఆ మాట ఇంట్లో కూడా అనలేదు.

"జోరుగ రుద్దనమ్మా. ముందుగాల చెవెనక జరంత రాసి చూద్దాం. కండ్లు మూస్కోండి, మండుతది."

చెవి వెనక పాయకు రాసి, పావుగంట ఆగి, కడిగింది. అద్దం ఇచ్చింది. ఆ పాయ తెల్లగా ఉంది. ఇక తలంతా పట్టించింది. ఆసుపత్రి తరవాత నా తలను ఇంకొకళ్ళు ముట్టుకోవడం అదే మొదలు, అప్పటిదాకా నేనే ముట్టుకోనివ్వలేదు. ఆమె వేళ్ళు మెల్లగా కదులుతుంటే ఏడుపొచ్చింది. పులుసు కళ్ళలో పడిందని చెప్పాను. రెండోసారి కడిగాక మెడ దగ్గర కొంచెం తప్ప రంగంతా దిగింది.

"దిగే ముందు మంచినీళ్ళతోని తల తడుపుకోండి, కొబ్బరినూనె రాస్కోండి, టోపీ వెట్టుకోండి" అంది షాహీన్. "తడిసిన జుట్టు ఆ నీళ్ళు ఎక్కువ తాగదు. బయటికి రాంగనే కడుక్కోండి." మీరూ ఇంతే చెయ్యండి.

యాకూబ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "మేనేజర్ సాబ్‌కు చెప్తరా అమ్మా? నౌకరి పోతది."

"మైలుతుత్తం సంగతి చెప్పక తప్పదు. మిగతావాళ్ళూ దిగుతున్నారు."

"సగం నీళ్ళు తీసేసి కొత్తయి నింపుత. ఎంత ఎయ్యాల్నో తెలిసినోళ్ళను అడిగి ఏస్త."

"అదీ చెబుతాను, రంగు వదిలించింది మీరేనని కూడా."

ఫోనులో రాసిన ఘాటంతా చెరిపేసి, అతని ముందే రెండు వాక్యాలు రాసి పంపాను. గురువారం క్లాసుకు వస్తానని చివర చేర్చాను.

పదకొండూ నలభైకి మేడ్చల్ బస్సు దొరికింది. చున్నీ ఒళ్ళో పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని, తడి జుట్టును వేళ్ళతో విడదీసుకున్నాను. నాలుగైదు వెంట్రుకలు చేతికొచ్చాయి. జుట్టు మళ్ళీ మొలిచినప్పటి నుంచి ఊడిన ప్రతి వెంట్రుకనూ లెక్కపెట్టి, కాగితంలో చుట్టి దాచేదాన్ని. ఇలా నాలుగైదు అందరికీ ఊడేవే. లెక్కపెట్టకుండా కిటికీలోంచి వదిలేశాను.