సుద్ద మీద తేలిన గీత

నాకు ఆగడం రాదు. బస్సు కోసం నిలబడ్డా, చర్చిలో కూర్చున్నా కుడికాలు ఆడుతూనే ఉంటుంది. మా అక్క చిన్నప్పటి నుంచీ ఆ మోకాలి మీద చరుస్తూనే ఉంది, నాకు యాభై దాటినా మానలేదు. అలాంటి నేను ఒక బండిని పదిహేడు రోజులు జాకీల మీద నిలబెట్టి, రేపు మాపు అని అందరినీ తిప్పుతూ కూర్చున్నాను. ఆ రోజుల్లో వేళకు అన్నం తిన్నానో లేదో కూడా గుర్తు లేదు.

మా షెడ్డు గుండ్లపోచంపల్లిలో, హైవే పక్క సర్వీసు రోడ్డు మీద ఉంటుంది. మాది అంటే నాదీ, మా బావదీ. బావ అంటే అక్క భర్త. పానా పట్టడం దగ్గర నుంచి ఇంజను చప్పుడు విని రోగం చెప్పడం దాకా నాకు నేర్పింది ఆయనే. వంగిన ఇనుమును సాపు చేయడంలో మేడ్చల్ నుంచి బొల్లారం దాకా ఆయనకు పేరుంది. మచ్చ బొల్లారంలో మా రెండిళ్లూ ఒకే గల్లీలో ఉంటాయి. పొద్దున ఒకే బైకు మీద వస్తాం, సాయంత్రం ఒకే బైకు మీద పోతాం, దారిలో పోట్లాడుకుంటాం.

ఆ బండి శామీర్‌పేట వైపు ఒక పటేలుది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముందు ముక్కు బారెడు పొడవు. విదేశీ స్పోర్ట్స్ కారు, నాకంటే వయసులో పెద్దది. వాళ్ల నాయిన ఎప్పుడో కంటోన్మెంట్‌లో ఒక సైనికాధికారి దగ్గర కొన్నాడట. పొలాలన్నీ ప్లాట్లయిపోయినా పటేలు ఆ బండిని మాత్రం వదల్లేదు. ఆదివారం ఆదివారం తన పదేళ్ల బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని కరీంనగర్ రోడ్డు మీద తిప్పుకొస్తాడు. మనుషుల్ని నేను టైర్లు చూసి అంచనా కడతాను. ఆయన బండి టైర్లు నాలుగూ ఒకేలా అరిగి ఉండేవి, అందుకే ఆయనంటే నాకు గౌరవం.

ఆ గౌరవం ఒక్క మధ్యాహ్నంతో కొంత తగ్గింది. అడ్డం వచ్చిన బర్రెను తప్పించబోయి బండిని రోడ్డు మధ్య దిమ్మె మీదికి ఎక్కించాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ముందు ఎడమ చక్రం మాత్రం అలిగిన మనిషిలా పక్కకు తిరిగి ఉంది. జాకీ పెట్టి కిందికి దూరి చూస్తే లోయర్ ఆర్మ్ వంగింది. అంటే చక్రాన్ని బండికి కింది నుంచి పట్టి ఉంచే ఇనుప చెయ్యి. అది వంగితే బండి ఒక పక్కకు గుంజుతుంది. అదే విరిగితే చక్రం లోపలికి మడత పడుతుంది, ఇక స్టీరింగు పట్టుకుని దేవుణ్ణి తలుచుకోవడమే.

కొత్తది ఇక్కడ దొరకదు. బావ ఆ వంగిన చేతిని విప్పదీసి, అటూ ఇటూ తిప్పి, వేళ్లతో తడిమి, సాపు చేస్తానన్నాడు. పటేలు తేలికపడి ఇంటికి పోయాడు. నాకే నమ్మకం కుదరలేదు, ఎందుకంటే నెల కిందటే అక్క నన్ను వంటింట్లోకి పిలిచి ఒక మాట చెప్పింది.

"తమ్మీ, మీ బావకు కండ్లు సక్కగ ఆనుతలేవు. ఆపరేషన్ జేసినా అంతంతే అన్నరు డాక్టర్లు. పనిల ఏమన్న తప్పు వోతే మొఖం మీద అనకు. షెడ్డు బందయితే మనిషి బతకడు."

సరే అన్నాను. అంత తొందరగా సరే అనడం నా జబ్బు.

బావ రెండు రోజులు కూర్చున్నాడు ఆ ఇనుము ముందు. గ్యాస్ మంటతో కొంచెం కొంచెం వేడి చేయడం, ఇనుప దిమ్మె మీద పెట్టి సుత్తెతో ఒక దెబ్బ, వంకర పోయిందో లేదో మళ్లీ దారం పట్టి చూడడం. మునుపు దారాన్ని కంటితో చూసేవాడు. ఇప్పుడు బొటనవేలితో చూస్తున్నాడు. చూసీ చూడనట్టు నేను పక్కన ఆటో ఇంజను విప్పుతూ ఉన్నాను, ఒకే నట్టును మూడుసార్లు బిగించాను.

మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. అది పెట్టిందీ బావే. సాపు చేసిన ముక్కకు గాసునూనె, అంటే కిరోసిన్ పూసి, కాసేపు ఉంచి, పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాలి. ఇనుములో కంటికి కనిపించని పగులు ఉంటే లోపలికి దిగిన నూనె మెల్లగా పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద తడి గీతలా తేలుతుంది. ఆ పరీక్ష మాత్రం ముక్కను సాపు చేసినవాడు చేయకూడదు, రెండోవాడు చేయాలి. సొంత పనిలో తప్పును చూడడానికి కన్ను ఒప్పుకోదని బావ నమ్మకం. నా పని ఆయన చూస్తాడు, ఆయన పని నేను చూస్తాను. నేను చేసిన ముక్కలు ఎన్ని ఆయన నా ముందే పాత సామాను కుప్పలోకి విసిరేశాడో లెక్క లేదు. నేనూ ఆయన చేసినవి నాలుగైదుసార్లు కాదన్నాను. కిక్కురుమనకుండా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు.

రెండో రోజు సాయంత్రం ఆయన సాపు చేసిన ఆర్మ్‌ను నా ముందు పెట్టి, చేతులు కడుక్కోవడానికి పోయాడు. నేను నూనె పూశాను, తుడిచాను, సుద్ద చల్లాను. రబ్బరు బుష్ కూర్చునే గుండ్రటి కన్ను పక్కన వెంట్రుక మందాన ఒక గీత తేలింది. చూస్తుండగానే అరవేలు పొడవు సాగింది. బావ తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ వస్తున్నాడు. నేను సుద్దను అరచేత్తో తుడిచేశాను.

"ఎట్లున్నది?" అన్నాడు.

"మంచిగున్నది బావా," అన్నాను.

ఆయన ముఖంలో వచ్చిన వెలుగు చూసి, నేను చేసింది మంచిపనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే అలా అనుకోవాలని నన్ను నేను తోసుకున్నాను.

మరునాడు పొద్దున్నే, బావ చాయ్‌కి పోయిన సందు చూసుకుని, బొంబాయిలో పాత బండ్ల సామాను అమ్మే ఒకతనికి ఫోన్ చేశాను. అదే బండి ఆర్మ్ తన దగ్గర ఉందనీ, పంపుతాననీ అన్నాడు. ఎన్ని రోజులంటే వచ్చేస్తుంది అన్నాడు. వచ్చేస్తుంది అనేది ఒక జవాబా? ఆ రోజు నుంచి నేను కాలుగాలిన పిల్లినయ్యాను. సర్వీసు రోడ్డు మీద ఏ డెలివరీ బండి ఆగినా లేచి నిలబడేవాణ్ణి. ఎదురుగా గోదాములు కాబట్టి రోజుకు యాభై ఆగుతాయి. ఫోన్ మోగితే బయటికి పరిగెత్తేవాణ్ణి. బావ నా వంక అనుమానంగా చూసి, ఇంట్లో ఏమన్నా లొల్లి అయిందా అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను, ఆయన నమ్మలేదు.

అంతకంటే పరేషాన్ ఏమిటంటే, బండిని ఎందుకు బిగించడం లేదో ఆయనకు రోజుకో కారణం చెప్పాలి. బుష్‌లు రావాలన్నాను. బుష్‌లు వచ్చాయి. బోల్టు మర అరిగిందన్నాను. బావ లేతు మిషను దగ్గరికి పోయి కొత్త బోల్టు చేయించుకొచ్చాడు. గ్రీజు మంచిది కాదన్నాను. ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. అటు పటేలు ఫోన్ల మీద ఫోన్లు, ఆదివారం వస్తుందంటే బిడ్డ అడుగుతోందట. ఆ పాప పేరు చెప్పినప్పుడల్లా నాకు ఆ తడి గీత కళ్ల ముందు కనబడేది. రాత్రి పడుకుంటే కూడా కాలు ఆడుతోందని మా ఆవిడ విసుక్కుంది. ఒక ముక్క నిజం చెప్పి ఉంటే ఒక పూటలో తేలిపోయేది. అది తెలిసీ చెప్పలేదు. రోజు గడిచిన కొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

పార్సిల్ ఒక శనివారం వచ్చింది. దాన్ని పటేలు బండి సీటు కింద దాచి, ఆదివారం తలనొప్పి అని చర్చి ఎగ్గొట్టాను. అక్కాబావలు ఆరాధనలో ఉండగా నేను షెడ్డు షటరు సగం ఎత్తి బండి కింద పడుకున్నాను. బొంబాయి ఆర్మ్‌ను పగులు కోసం రెండుసార్లు పరీక్షించాను, సుద్ద తెల్లగానే ఉంది. బిగించాను. బుష్ బోల్టుల్ని మాత్రం బండి బరువు నేల మీదికి దించాకే గట్టిగా బిగించాలి. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి నెలకే చిరుగుతుంది. ఆ మాట బావ నాకు చెప్పి ముప్పై ఏళ్లు. ఆయన నేర్పినట్టే బిగించి, ఆయనకు తెలియకూడదని పైన నల్ల రంగు వేసి, పాత మడ్డి పూశాను. ఆయన సాపు చేసిన ఆర్మ్‌ను గోనెసంచిలో చుట్టి సామాను కుప్ప వెనక పడేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

సోమవారం ట్రయల్. అక్కడా ఒక కట్టుబాటు ఉంది. ముక్కను సాపు చేసినవాడు మొదటి ట్రయల్‌లో బండిలో కూర్చోవాలి. బావ తలకు తువ్వాలు చుట్టుకుని పక్క సీట్లో దర్జాగా కూర్చున్నాడు. ఆయన తన పనిని నమ్మి కూర్చున్నాడు. నేను ఆ గీత ఉన్న ముక్కనే బండికి బిగించి ఉన్నా ఇలాగే కూర్చునేవాడు కదా అనుకుంటూ బండిని మెల్లగా రోడ్డెక్కించాను.

మేడ్చల్ దాకా పోయి, అక్కడి నుంచి శామీర్‌పేట రోడ్డు పట్టాం. చెరువు దగ్గర గాలి చల్లగా తగిలింది. జింకల పార్కు ముందు కాలేజీ పిల్లలు ఫోన్లు ఎత్తి ఫోటోలు తీశారు, బావ వాళ్లకు చెయ్యి ఊపాడు. బండి చాలు పట్టినట్టు సూటిగా పోతోంది. స్టీరింగు వదిలి చూడమన్నాడు. వదిలాను.

"సూసినవారా, వెంట్రుకంత గుంజుతలేదు. ఇగ జెప్పు, నా పని అయిపోయిందా?" అన్నాడు.

నేను గేరు మార్చాను. మార్చాల్సిన చోటు కాదు. ఇంజను గట్టిగా మూలిగింది, ఆయన నన్ను తిట్టాడు.

పటేలు బండి తీసుకుపోయాడు. బావ ఆ వారమంతా హుషారుగా ఉన్నాడు. నా కాలు మాత్రం ఆగలేదు. పని అయిపోయాక ఆగుతుందనుకున్నాను.

తరువాతి వారం పాత ఇనుము కొనేవాడు ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. నేను అల్వాల్‌లో సామాను తేవడానికి పోయి ఉన్నాను. కుప్పలో పనికొచ్చే ముక్కలు ఏరి పక్కన పెట్టడం ఎప్పుడూ బావ పని. నేను తిరిగొచ్చేసరికి ట్రాలీ వెళ్లిపోయింది. బావ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముందు బల్ల మీద గోనెసంచి, దాని మీద ఆయన సాపు చేసిన ఆర్మ్. పక్కన గాసునూనె డబ్బా, సుద్దపొడి. ముక్క మీద అప్పటికే సుద్ద చల్లి ఉంది.

కేకలు వేస్తాడనుకున్నాను, వేస్తే బాగుండేది. నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"నాకు ఆనుతలేదు. గీత ఉన్నదా, సూసి జెప్పు."

చూశాను. అప్పటి కంటే పొడవుగా ఉంది. ఉందన్నాను.

"ఆ దినం గూడ ఉండెనా?"

"ఉండె బావా."

ఆయన గాసునూనె డబ్బాకు మూత బిగించాడు. హైవే మీద లారీలు పోతున్నాయి. నేను అక్క పేరు ఎత్తలేదు, ఆ ఒక్కటైనా సరిగ్గా చేశాను. ఆయన్ను బాధపెట్టడం ఇష్టం లేక అలా చెప్పాననీ, ఎవరికీ ఏమీ కాకూడదనే ఆర్మ్ మార్చాననీ గడగడా చెప్పుకుపోయాను. ఆయన వింటున్నట్టు లేడు.

"ఎన్ని ముక్కలకు గిట్ల జెప్పినవ్?" అన్నాడు.

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తల కొట్టేసినట్టయింది. ఇదొక్కటే అన్నాను. నిజంగా ఇదొక్కటే. బిడ్డల మీద ఒట్టు వేయబోతే చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు కాదంటవన్న ధైర్యంతోనే ఇన్నేండ్లు సుత్తె వట్టిన," అన్నాడు. "ఇగ ఏది మంచిగ జేసిన్నో, ఏది జేయలేదో నాకెట్ల తెలుస్తది?"

ఆయన కన్ను పోతే పోనీ, పనిని కాపాడుతున్నానని నేను అనుకున్నాను. ముప్పై ఏళ్ల పనినంతా ఒక్క అబద్ధంతో అనుమానంలో పడేశాను.

బావ షెడ్డు మానలేదు. ఇప్పటికీ ఒకే బైకు మీద వస్తాం, కాకపోతే దారిలో పోట్లాడుకోవడం లేదు. నేను చేసిన పనిని ఇదివరకటిలాగే వేళ్లతో తడిమి, బాగులేకపోతే విసిరేస్తాడు. తను చేసిన ముక్కను మాత్రం నా ముందు పెట్టడు. తువ్వాలలో చుట్టుకుని, భుజాన వేసుకుని, హైవే దాటి అవతలి షెడ్డుకు తీసుకుపోతాడు. ఆ షెడ్డువాడితో మాకు ఏళ్లుగా మాటలు లేవు. బావ మీద వాడికి దయా లేదు, ప్రేమా లేదు. దాటించి వస్తానంటే వద్దంటాడు. లారీల మధ్య ఆయన ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తుంటే, తిరిగొచ్చేదాకా నేను షెడ్డు ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను.

మొన్న చర్చి బయట అక్క నన్ను పక్కకు పిలిచింది. అవతలి షెడ్డువాడు బావ చేసిన ముక్క పనికిరాదని మొఖం మీద చెప్పి తిప్పి పంపాడట. ఆయన ఎంత కుంగిపోయాడోనని నేను భయపడ్డాను. ఆ రోజు ఇంటికొచ్చి, చాలా నెలల తరువాత, అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడని అక్క చెప్పింది.