పండబెట్టి చూడమన్న బుచ్చవ్వ

మా ఇంటి దేవుడి మీద, నా ఇద్దరు పిల్లల మీద, ఈ మధ్యనే పెట్టించుకున్న కట్టుడుపన్ను మీద ఒట్టు. ఇక్కడ రాస్తున్న ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. మహబూబాబాద్ స్టేషన్ ఎదుటి హోటల్లో నేను కుర్చీ లాక్కుని "ఒకసారి ఏమైందంటే" అనగానే ఛాయ్ గ్లాసు పట్టుకుని వేరే బల్లకు పోయే మిత్రులు నాకున్నారు. అయినా సరే, ఒట్టు ఒట్టే.

పోయిన వారం జనగామలో కొత్తగా తెరిచిన బండ్ల దుకాణంలో అడుగుపెట్టగానే ముందు కొత్త రబ్బరు వాసన, దాని వెనకే పెట్రోలు వాసన ముక్కుకు తగిలాయి. మొదటిదానికి ప్రాణం లేచొచ్చింది. రెండోదానికి ఒక అడుగు వెనక్కి వేశాను. ఎదురుగా, ఏడాదిగా నేను కలవరిస్తున్న పెద్ద మోటారు సైకిల్ నిలబడి ఉంది. కొండలూ అడవులూ దాటే దూర ప్రయాణాలకే చేశారట. ఎత్తయిన చక్రాలు, రెండు పక్కలా సామాను పెట్టెలు, గున్న ఏనుగంత ఒళ్ళు. ఈ వయసులోనూ వదలని, విత్తనాలు అమ్మే నా ఉద్యోగానికి అంత బండి అక్కర్లేదు. ఆ మాట నాకూ తెలుసు, మా ఆఫీసుకూ తెలుసు. కానీ పోయిన వానాకాలం భూపాలపల్లి అవతల అడవి దారిలో నా పాత స్కూటరు బురదలో జారి, కాలి మీద పడింది. ట్యాంకు మూతలోంచి పెట్రోలు ప్యాంటు మీదికి బొట్లుబొట్లుగా కారుతుంటే, ఎవరైనా వస్తారేమోనని చెవులు రిక్కించి అలాగే పడి ఉన్నాను. ఎవరూ రాలేదు. స్కూటరు కాబట్టి ఎలాగో నెట్టుకుని లేచాను. అప్పటి నుంచి నా నడుము నా మాట వినడం లేదు. ఈ బండి ఆ స్కూటరుకు రెండింతల బరువు. బురదలో నిలబడుతుంది, నిజమే. నిలబడకపోతే?

నా భార్య సుగుణ బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "మంచిగనే ఉందయ్యా. పడితే ఎవలు లేపుతరు?" అంది.

దుకాణం యజమాని నవ్వాడు. "పడుడేందక్కా? గిసొంటి బండి పడ్తదా?"

నాకు నవ్వు రాలేదు. సరిగ్గా అదే ప్రశ్న వేసే మనిషిని నేను మా ఊరు పాలకుర్తిలో ఎరుగుదును.

బుచ్చవ్వ మా పక్కింటామె. భర్త చిన్న వయసులోనే పోతే సేద్యం తనే నడిపించింది. పొగాకు చుట్ట, నడుముకు చెక్కిన సంచి, ఎంత దూరమున్నవాణ్ణయినా ఆపగల గొంతు. పశువుల అంగడికి ఆడవాళ్ళు పోని రోజుల్లో ఆమె పోయేది. తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని బేరమాడే దళారులు ఆమె వస్తోందంటే తువ్వాల మడిచి భుజాన వేసుకునేవాళ్ళు. "తువ్వాల కింద నీ యేళ్ళు నాకెందుకురా, నోటితోని చెప్పు" అనేది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం మొదలై కాలేజీలు మూతపడ్డాయి. ఖాళీగా ఉన్న నాకు మా బాపు ఒక పని చెప్పాడు: బుచ్చవ్వ వెంట జనగామ అంగడికి పోయి ఎద్దును కొనుక్కు రావాలి. ఇంటికొచ్చాక అది పని చేయకపోతే బాపు ముఖం ఎలా చూడాలన్నదే దారి పొడుగునా నా దిగులు. బస్సుల్లేవు. నడిచే పోయాం.

నాకు నచ్చిన తెల్ల ఎద్దు రాజులా నడిచింది. బుచ్చవ్వ దాని పండ్లు చూడలేదు, తోక చూడలేదు. దాని ముందర గొంతుక్కూచుని సంచిలోంచి జొన్నరొట్టె తీసింది.

"ఏంది అవ్వా, గట్ల కూసున్నవ్?" అన్నాడు అమ్మేవాడు.

"పండుకోనీ."

"ఎద్దును పండబెట్టి చూసుడేంది? నడిపిచ్చి చూసుకోరాదు!"

"నడిచేటప్పుడు అన్నీ మంచిగనే ఉంటయి బిడ్డా. పండుకున్నది ఎట్ల లేస్తదో చూడాలె. పొలంల కూలవడితే నువ్వొచ్చి లేపుతవా?"

రొట్టె అయింది, చుట్ట అయింది. చివరికి తెల్ల ఎద్దు పడుకుంది. లేవబోయి వెనక కాళ్ళు తడబడి మళ్ళీ కూలబడింది. బుచ్చవ్వ చీర దులుపుకుని ఇంకో ఎద్దు ముందుకు పోయి కూర్చుంది. అది బూడిద రంగుది, కళ్ళలో బద్ధకం. అంతలో బజారులోంచి ఊరేగింపు వచ్చింది. నినాదాలకు అంగడిలోని పశువులన్నీ బెదిరి పలుపులు తెంపుకుంటుంటే, ఆ బూడిద ఎద్దు ఒక్కటే నింపాదిగా పడుకుంది. ఊరేగింపు దాటిపోయాక, కుర్చీలోంచి పెద్దమనిషి లేచినట్టు ఒక్క ఊపున లేచి నిలబడింది.

"గిదే," అంది బుచ్చవ్వ.

కొన్నాం. పదేళ్ళు దున్నింది. ఒకటే తంటా: ఎక్కడ అరుపులు వినపడినా పడుకునేది. ఎన్నికలొస్తే మా చేను బీడే. బాపు బుచ్చవ్వను తిట్టేవాడు. ఆమె గోడ మీది నుంచి, "లేస్తదా లేదా చూసిన గనీ, ఎందుకు పండుకుంటదో నేనేం చూసిన పటేలా!" అనేది.

ఆ పరీక్ష నాకూ తప్పలేదు. ఉద్యమం చల్లబడ్డాక రాసిన కాలేజీ పరీక్షలో తప్పాను. అప్పటికే ఒక ఏడాది పోయింది, ఇప్పుడు ఇంకోటి. మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాను. అమ్మ ఏడ్చింది, బాపు అరిచాడు. ఎద్దుకు ఏమనిపించేదో నాకప్పుడు అర్థమైంది. ఒక పొద్దున కళ్ళు తెరిస్తే మంచం పక్కన బుచ్చవ్వ గొంతుక్కూచుని రొట్టె నములుతోంది. పలకరించలేదు. బతిమాలలేదు. నేను దుప్పటి కప్పుకున్నాను. రొట్టె అయింది, చుట్ట వెలిగింది. ఆ చూపుకు నా వీపు మండసాగింది.

"ఏందవ్వా?" అన్నాను.

"ఏం లేదు రాజిగా. లేపనీకి రాలే. ఎట్ల లేస్తవో చూద్దామని వచ్చిన."

కోపంతోనే లేచాను. తూలకుండా బావి దాకా నడిచాను. వెనక ఆమె మా అమ్మతో, "ఎనుకకాళ్ళు మంచిగనే ఉన్నయే, రంది పడకు" అనడం వినపడింది. ఇన్నేళ్ళలో నన్ను ఎవరెవరో మెచ్చుకున్నారు. ఆ మాటతో సమానమైనది మళ్ళీ దొరకలేదు.

నాలుగేళ్ళ కిందట ఊరికి పోయినప్పుడు నా కళ్ళ ముందరే బుచ్చవ్వ వాకిట్లో పాకురు మీద జారి పడింది. ఉరికి పోయి చెయ్యి అందించబోతే కసిరింది. గోడ పట్టుకుని, పళ్ళు బిగబట్టి తానే లేచి, "చూసినవా?" అంది. ఆ మరుసటి ఎండాకాలంలో కన్నుమూసింది.

ఇవన్నీ గుర్తొచ్చి ఆ దుకాణంలో నా నోట ఒక మాట వచ్చింది. "అన్నా, బండిని ఒకసారి పండబెట్టుండ్రి."

యజమాని ముఖం పాలిపోయింది. "పండబెట్టుడేందన్నా?"

"లేపి చూసుకుంట. లేస్తే అడ్వాన్స్ ఇస్త."

గోనెసంచులు పరిచారు. పసిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా పడుకోబెట్టారు. బజారులో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. నేను బండికి వీపు ఆనించి, కిందికి వంగి, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో సీటు కింది కడ్డీ పట్టుకున్నాను. పెట్రోలు వాసన మళ్ళీ వచ్చింది. అడవి దారి, బురద, ఎవరూ రాని నిశ్శబ్దం అన్నీ వచ్చాయి. కళ్ళు మూసుకుని కాళ్ళతో నేలను తొక్కాను. బండి లేచింది. అడ్వాన్స్ ఇచ్చాను.

ఇక ఒట్టు సంగతి. రాసింది సుగుణకు చదివి వినిపించాను. "ఆ కట్టుడుపన్ను ఊడుతది జాగ్రత్త" అంది. అందుకని చెబుతున్నాను. మీరు అనుమానించే ఎద్దు కథ అక్షరాలా నిజం. అబద్ధాలు రెండు. బుచ్చవ్వ తానే లేవలేదు. గోడ పట్టుకుని ఒకసారి లేవబోయింది, కూలబడింది. మళ్ళీ లేవబోయింది, మళ్ళీ కూలబడింది. నేను దగ్గరికి పోకుండా చూస్తూ నిలబడ్డాను, ఆమె నేర్పిన ప్రకారమే. అప్పుడు తలెత్తి, నా వైపు కాకుండా వాకిలి వైపు చూస్తూ, "చెయ్యియ్యి రాజిగా" అంది. అంగడిని గడగడలాడించిన మనిషి నా భుజానికి ఏమీ బరువు కాలేదు. ఆ సంగతి బయటికి చెప్పొద్దని ఆమె అడగలేదు. నాకే చెప్పబుద్ధి కాలేదు.

రెండోది, బండి. అది నా మోకాలి దాకా వచ్చి ఆగింది. నడుములో ఏదో కలుక్కుమంది. కిందికి వదిలితే పరువు, పైకి లేపితే ప్రాణం పోయేలా ఉన్నాయి. సుగుణ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. లేపడానికి రాలేదు, చూస్తోంది. ఆ చూపు నేనెరిగినదే. నేను వాకిలి వైపు ముఖం తిప్పుకుని, "జర పట్టరాదూ" అన్నాను. కొంగు నడుముకు చెక్కి వెనకవైపు పట్టింది. బండి లేచింది.

"నేనుంటే లేస్తది," అంది చేతులు దులుపుకుంటూ. "నేను లేనినాడు?"

అడ్వాన్స్ ఇచ్చిన మాట మాత్రం నిజం. బండి వచ్చే వారం ఇంటికొస్తుంది. భూపాలపల్లి దారిలో మొదటి ప్రయాణానికి సుగుణ వెనక కూర్చుంటానంది. ఒక్కణ్ణే పోయే రోజు వస్తే, పడిన చోట చెవులు రిక్కించి ఊరుకోకుండా, చుట్టుపక్కల ఎవరున్నా వినేలా కేకవేయాలి. నాకు ఆ కేక ఇంకా సరిగ్గా రాదు. చెంబు అందించమనీ, తలుపు పట్టుకొమ్మనీ సుగుణను పిలుస్తూ, ఇంట్లోనే నేర్చుకుంటున్నాను.