మొద్దుల క్లాసు అనుకున్నాం

మా ఇంట్లో పిల్లలను మొహం మీద పొగడరు. మా ఇంట్లోనే కాదు, ఎల్లారెడ్డిలో మా వాడ మొత్తంలో ఆ అలవాటు ఎవరికీ లేదు. చంటిపిల్ల ముద్దుగా ఉంటే "కోతి లెక్కున్నది" అంటారు. ఒకసారి పరీక్షలో నాకు అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. అది విని మా నానమ్మ గుప్పెడు ఉప్పు, మిరపకాయలు తీసి నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆ తరువాత నన్ను నోరు మూసుకొమ్మంది. "ఊర్ల జెప్పుకుంట తిరుగకు. నరుని కంటికి నల్లరాయి గూడ పలుగుతది," అంది.

ఈ పద్ధతి మీద నాకు ఇప్పటికీ కోపమే. నానమ్మ మీద కాదు, ఆమె ప్రేమ నాకు తెలుసు. కోపం ఎందుకంటే, ఈ మౌనం నా కళ్ల ముందే ఒకరి చదువును మింగేసింది.

ఎనిమిదో తరగతిలో నాకొక జోడీ ఉండేది. ఇద్దరిదీ ఒకటే బెంచీ, ఒకటే టిఫిన్ డబ్బా. మేము వస్తుంటే "వచ్చినయి జోడెడ్లు" అనేవారు. నేను దాన్ని "అది" అనే అంటాను. "ఆమె" అంటే ఎవరో పరాయి మనిషిలా అనిపిస్తుంది. లెక్కల్లో అది నాకంటే చాలా పైన ఉండేది. కానీ మార్కులు మాత్రం నాకే ఎక్కువ వచ్చేవి. నేను సారు చెప్పిన మెట్లన్నీ వరుసగా రాసేదాన్ని. అది తలలోనే చేసేసుకుని జవాబు మాత్రం రాసేది, సగం మార్కులు పోగొట్టుకునేది. దాని తండ్రి తాపీ మేస్త్రి. తల్లి బీడీలు చుట్టేది.

ఒకరోజు లెక్కల సారు మా ఇద్దరినీ పిలిచాడు. "వచ్చే ఆదివారం సంది మీరిద్దరు కామారెడ్డికి పోవాలె. అక్కడ లెక్కల క్లాసు పెడుతున్నరు. అన్ని మండలాలకెళ్లి పిల్లలొస్తరు," అన్నాడు. అంతే. ఎందుకు అని అడిగే ధైర్యం మాకు లేదు. మీరు తెలివైనవాళ్లు గనక అని చెప్పే అలవాటు ఆయనకు లేదు.

మా బడిలో ఎక్స్‌ట్రా క్లాసు అంటే ఒకటే అర్థం. చివరి గంట కొట్టి అందరూ ఇండ్లకు పరిగెత్తుతుంటే, చదువు రానివాళ్లను ఆపి కూర్చోబెట్టేవారు. దానికి పిల్లలు పెట్టిన పేరు మొద్దుల క్లాసు. నా జోడీ వాళ్లన్న పదో తరగతి ఏడాదంతా అందులోనే కూర్చున్నాడు. ఆఖరికి ఫెయిలై తండ్రి వెంట ఇసుక మోయడానికి పోయాడు. అందుకని ఆ ఇంట్లో అదనపు క్లాసు అంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. అది బడి మానేయడానికి ముందొచ్చే కబురు.

మొదటి ఆదివారం బస్సులో లింగంపేట దాటాం. తరువాత అదే అడిగింది. "సాయంత్రం క్లాసు గూడ సాలదని కామారెడ్డికి తోలుతున్నరా? గంత మొద్దులమైనమా మనం?"

"నాకు మొన్న హిందీల తక్కువొచ్చినయి," అన్నాను నేను.

"లెక్కల క్లాసుకు హిందీ ఎందుకే, పిచ్చిదానా!" అంది. నవ్వొచ్చింది గానీ ఇద్దరికీ లోపల భయంగానే ఉంది.

కామారెడ్డిలో ఒక కాలేజీ గది ఇచ్చారు. అప్పటికి కామారెడ్డి ఇంకా జిల్లా కాలేదు. చెప్పేవాడు పెద్దాయన, రిటైరైన లెక్చరర్. మెత్తటి మనిషి, గొంతు ఎత్తేవాడు కాదు. కానీ ఆయన ఇచ్చే లెక్కలు మా పుస్తకంలో ఎక్కడా ఉండేవి కావు. వాటికి సూత్రం లేదు, ముందు చేసి చూపించిన లెక్క లేదు. ఒక్కొక్కటి గంటసేపు పట్టేది, కొన్ని ఆ ఆదివారం తేలేవే కావు. మా బుర్రకు ఎక్కడం లేదు గనకే ఇక్కడికి పంపారని మాకు ఇంకా గట్టిగా తోచింది.

దీనికి తోడు ఆయనకొక పద్ధతి ఉండేది. ఎవరు ఏం చెప్పినా తప్పు అనడు, ఒప్పు అనడు. "ఇంకో తోవ ఉన్నదేమో చూడు," అంటాడు. పిల్లలు తామే తేల్చుకోవాలని ఆయన ఉద్దేశం. ఇప్పుడు నేనూ లెక్కలు చెప్తాను గనక నాకు అర్థమవుతుంది. కానీ మా బడిలో సారు "మళ్ల చూడు" అన్నాడంటే తప్పు చేశామని, ఇక దెబ్బకు చేయి చాపాలని అర్థం. ఆ పెద్దాయన ఆ మాట అన్న ప్రతిసారీ మేము తిట్లు తిన్నట్టే కుంగిపోయేవాళ్లం.

ఒక ఆదివారం ఆయన బోర్డు మీద కొన్ని ముగ్గులు వేశాడు. చెయ్యి ఎత్తకుండా, వేసిన గీత మీద మళ్లీ గీయకుండా వీటిలో ఏవి వేయగలరు అని అడిగాడు. మేమంతా కాగితాల మీద గీకుతూ కూర్చున్నాం. నా జోడీ పెన్ను ముట్టలేదు. బోర్డు వైపు చూస్తూ కూర్చుని, కాసేపటికి లేచింది. "చుక్క దగ్గర గీతలు జోడు జోడుగ కలిస్తే చెయ్యి ఆగది సార్. ఒంటి గీత మిగిలే చుక్కలు రెండుకంటె ఎక్కువుంటె మాత్రం చెయ్యి ఎత్తుడే," అంది. రోజూ పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసే పిల్లలు ఆ గదిలో ఎంతోమంది ఉన్నారు. ఈ మాట మాత్రం ఎవరికీ తట్టలేదు.

పెద్దాయన సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తరువాత "ఎందుకట్ల? ఇంకా ఆలోచించు," అన్నాడు. అది కూర్చుంది. చెవులు ఎర్రబడ్డాయి. తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడ్చింది. "అందరి ముందర ఇజ్జత్ పాయె. ఊకె కూసుంటె అయిపోతుండె," అంది. ఊరుకోవే అన్నాను గానీ, చెప్పింది తప్పేనని నేనూ అనుకున్నాను.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒకరోజు నేను వాళ్లింట్లో ఉన్నప్పుడు వాళ్ల నాన్న పని నుంచి వచ్చి, కాళ్ల మీది సిమెంటు కడుక్కుంటూ దాన్ని అడిగాడు.

"ఆదివారం ఆదివారం పోతరు గద, ఆ క్లాసు ఎవలకు బిడ్డా?"

"రానోళ్లకు బాపు."

ఆయన చేతులు తుడుచుకుని వచ్చి దాని తల మీద చెయ్యి పెట్టాడు. "రాకుంటె రాకపాయె. ఒకన్ని సతాయించి చూసిన. పదో తరగతి అయ్యేదాక వాని మొకంల నవ్వు చూడలే. నిన్ను గట్ల చెయ్య తల్లీ." ఆ మాటలో ఉన్నదంతా ప్రేమే. కొట్టి మాన్పించి ఉంటే ఆయన మీద కోపమైనా తెచ్చుకునేదాన్ని. పరీక్షలు కాగానే దాన్ని మాచారెడ్డిలో పెద్దమ్మ దగ్గరికి కుట్టుపని నేర్చుకోవడానికి పంపించాడు.

అది వెళ్లిపోయాక ఆదివారం క్లాసుల ఆఖరి రోజు వచ్చింది. తల్లిదండ్రులను పిలిచారు. మా ఇంటి నుంచి నానమ్మ వచ్చింది. ఎవరో ఆఫీసరు మైకు పట్టుకుని, ఈ చుట్టుపక్కల మండలాల్లోని అందరికంటే తెలివైన పిల్లలు వీళ్లే, ఏరి ఏరి తెచ్చాం అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరి గురించి చెప్తున్నాడా అని. అందరు పిల్లలూ అలాగే చూసుకుంటున్నారు.

నాకంటే ముందు నానమ్మకు అర్థమైంది. మీటింగు కాగానే మా లెక్కల సారును వరండాలో పట్టుకుంది. "ఏం సారూ, గీ మాట ముందుగాల జెప్తే నీ నోట్లకెళ్లి ముత్యాలు రాలుతయా? ఆ పోరి బడి బందు పెట్టి పాయె గదయ్యా!"

సారు మొహం పాలిపోయింది. "దిష్టి తగులుతదని చెప్పలే అవ్వా. నా కొడుకును గూడ నేనెన్నడు మెచ్చుకోలే," అన్నాడు. నానమ్మ ఇంకేదో అనబోయి ఆగిపోయింది. ఆమె చేసిందీ అదే గనక.

మర్నాడే ముగ్గురం మేస్త్రి ఇంటికి వెళ్లాం. సారు అంతా చెప్పాడు. మీ బిడ్డలాంటి పిల్ల నాకు ఇన్నేళ్ల నౌకరీలో దొరకలేదు, పిలిపించండి అన్నాడు. మేస్త్రి విని, లేచి చేతులు జోడించాడు. "మీరు పెద్దలు సారూ. మా మనసు కష్టపెట్టొద్దని గట్లంటున్నరు. పోయినోళ్ల గురించి అందరం మంచే చెప్తం."

మా దగ్గర అంతే. మనిషి ఉన్నంతకాలం ఒక్క మంచి మాట అనరు, పోయాక ఆపరు. అందుకని బడి నుంచి పోయిన పిల్ల మీద సారు కురిపించిన మెచ్చుకోలు ఆ తండ్రికి పరామర్శలాగే వినిపించింది. నేను ఏడ్చాను, "నిజం బాపు, నా మీదొట్టు," అన్నాను. ఆయన నా చేతిలో బెల్లం ముక్క పెట్టి ఇంటికి పొమ్మన్నాడు.

దాని పెళ్లిలో నేను దానికే చెప్పాను. "పెండ్లి పూట అందరు మంచి మాటలే చెప్తరు తీ," అని నవ్వేసింది. ఆ తరువాత నేనూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మాచారెడ్డిలో కుట్టు దుకాణం పెట్టుకుంది, చేతి నిండా పని. నేను కామారెడ్డిలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తున్నాను. ఆదివారాలు, అలాంటి పిల్లలకే, అలాంటి క్లాసే. మొదటి రోజు పిల్లల మొహం మీదే చెప్తాను, మీకు తెలివి ఉంది గనక పిలిచాం అని. తల్లులు గాభరాపడి పిల్లల తలలు నిమిరి మెటికలు విరుస్తారు. విరుచుకోనీ.

ఈ ఏడాది క్లాసులు మొదలవడానికి ముందు అది మా ఇంటికి వచ్చింది. వెంట కూతురు. కూర్చోకముందే మొదలుపెట్టింది. "దీన్ని గూడ పిలిచిండ్రే. వాళ్ల బడికెళ్లి ఇదొక్కతే. నా రాతనే దీనికొచ్చింది. ఎక్కడ తక్కువున్నదో జెర చూసి చెప్పు, ఇంట్లనే నేర్పిచ్చుకుంట. ఆ క్లాసుకు మాత్రం పంప."

నాకు ఒళ్లు మండింది. "నీ తలకాయ! పిల్లల్ని ఏరెటందుకు పెట్టిన పరీక్షల దీని పేపరు దిద్దింది నేను. ఏరింది నేను. తక్కువ ఉండి కాదు, అందరికంటె ఎక్కువ ఉండి పిలిచిన. మొకం మీదనే చెప్తున్న, నీ బిడ్డ మస్తు తెలివైంది. దిష్టి తగిలితే నాకే తగలనీ."

పిల్ల మొహం వెలిగిపోయింది. నా జోడీ మాత్రం కుర్చీలో కూలబడింది. పిల్ల వైపు చాలాసేపు చూసింది. తరువాత నెమ్మదిగా అడిగింది.

"మనల్ని పిలిచింది గూడ గిందుకేనా?"

"గిందుకే. నీకు చెప్పిన గద."

"చెప్పినవు. నేనే నమ్మలే." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దీనిది నిజమైతే నాది గూడ నిజమే గదనే. బాపు పోయినేడు పాయె. నన్ను బడి మాన్పిచ్చి సుఖపెట్టిన అనుకుంటనే పాయె."

ఇన్నేళ్లు నేను ఆ రోజు కోసమే ఎదురుచూశాను, అది నమ్మితే చాలని. నమ్మితే సంతోషపడుతుందనుకున్నాను.

"నేను మొద్దునే అనుకుంటె మంచిగుండె," అంది. "సదువు రాలే, మానేసిన. దాంతోని అయిపోయె. ఇప్పుడు చెప్పు, వచ్చే సదువును ఎందుకు మానేసిన?"

 బిడ్డ చూస్తుండగానే ఇద్దరం ఏడ్చాం.