లాంతరు కప్పి చూడు

మొన్న గుంటూరులో మనవరాలి బడికి వెళ్తే, చీకటి గదిలో నిలువెత్తు పులి ఒకటి గాల్లో తిరుగుతోంది. హోలోగ్రామ్ అట. పిల్లలు దాని నోట్లో చేతులు పెట్టి కేరింతలు కొడుతుంటే తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు గానీ నేను కొట్టలేదు. లేని మంటలో వేలు పెట్టి అలాగే నవ్విన మనిషిని నేనెరుగుదును.

అరవైల నాటి మాట. ఒంగోలు దగ్గర పల్లెలో కొత్తగా సైన్సు మాస్టారుగా చేరాను. బీరువాలో బూజు తప్ప పరికరాలు లేని రోజులవి, మీకు తెలియనిదేముంది! పాత కిటికీ అద్దం నిలబెట్టి, ఇవతల అట్టపెట్టె చాటున కొవ్వొత్తి వెలిగించి, అవతల అంతే దూరంలో నీళ్ల గ్లాసు పెడితే, కొవ్వొత్తి నీళ్లలోనే మండుతున్నట్టు కనబడేది. మాయ కాదర్రా, ప్రతిబింబం అని చెబితే పిల్లలు నోళ్లు వెళ్లబెట్టి చూసేవాళ్లు. ఒక రైతు కూతురు మాత్రం, నిజం మంటో అద్దంలో మంటో తెలిసేదెట్లాగండీ అని అడిగింది. కొవ్వొత్తిని కప్పి చూడు, పోతే అద్దందే, పోకపోతే పరుగెత్తు అన్నాను. అందరూ నవ్వారు, ఆ పిల్ల నవ్వలేదు.

బడిలో ప్రదర్శన పెట్టిన రోజు వాళ్ల నాన్న వచ్చి, నీళ్లలోని మంటలో వేలు ముంచి, చంటిపిల్లాడిలా మురిసిపోయాడు. నెలరోజులపాటు ఊళ్లో కనబడ్డవాడికల్లా అదే కథ చెప్పాడు. ఆయనకు పొగాకు బ్యారన్ ఉండేది. పచ్చాకును కర్రలకు కట్టి వేలాడదీసి, ఇనుప గొట్టాల వేడితో ఎండబెట్టే ఎత్తైన కొట్టం. లోపల వేలాడే థర్మామీటరులో వేడి ఎంతుందో చూసుకోవడానికి గోడకు చిన్న గాజు కిటికీ. ఆ ఏడు పండిన ఆకంతా అందులోనే ఉంది.

ఒకరోజు దీపాలు పెట్టే వేళ అటుగా వెళ్తే, మజ్జిగ తాగి వెళ్లండని తండ్రీకూతుళ్లు ఆపారు. చెప్పొద్దూ, ఆ సాయంత్రం ఎందుకో నా మనసేం బాగాలేదు. గాలి స్తంభించింది, వేడికి ఎండుతున్న ఆకు వాసన ముక్కుకు పదునుగా తగులుతోంది. ఆయన లాంతరు పట్టుకుని కిటికీలోకి చూశాడు. గాజులో ఎర్రగా ఒక నాలుక.

"ఏం కాదండీ మాస్టారూ, మీ కొవ్వొత్తే!" అని పెద్దగా నవ్వి, లాంతరు కిటికీ ఎదుటి అరుగుమీద పెట్టి, లోపల గొట్టాలమీద ఆకు రాలిందేమో చూసొస్తానని తలుపు గడియ మీద చెయ్యి వేశాడు.

ఆ పిల్ల నీళ్లకుండ మీది తడిగోనె లాగి లాంతరు మీద కప్పింది. చుట్టూ చీకటైపోయింది. గాజులో మంట మాత్రం అలాగే ఉంది.

"నాన్నా, తీయొద్దు!" అని పంచె పట్టుకుని వెనక్కి లాగింది. తలుపు తీసుంటే గాలి లోపలికి దూకి, మంట ఆయన ముఖానికే వచ్చేది. మేం దూరంగా పరుగెత్తి వెనక్కి తిరిగేసరికి కప్పు అంటుకుంది. ఊరంతా నీళ్లు మోసినా ఒక్క కర్ర ఆకు దక్కలేదు. ఆయన ఏడవలేదు, తన వేలినే చూసుకుంటూ కూర్చున్నాడు.

వేసవి సెలవుల తర్వాత బడి తెరిస్తే ఆ పిల్ల రాలేదు. ఇంటికి వెళ్లి బతిమాలాను.

"నా ప్రాణం నిలిపింది దాని చదువేనండీ, కాదనను. కానీ ఆకు కాలిపోయింది గదండీ, అదీ కూలిపనికి వస్తే గానీ పొయ్యి వెలగదు," అన్నాడు తల వంచుకుని. దొడ్లో ఆ పిల్ల కొడవలి నూరుతోంది. నావైపు తలెత్తలేదు.

ఇప్పుడు ఆడపిల్లలందరూ బడికి వెళ్తున్నారు, సంతోషమే. కనబడేవాటికి మాత్రం అంతు లేదు, అరచేతిలోనే లక్ష బొమ్మలు ఆడుతున్నాయి. ఆ పులి వెలుగు ఎక్కడినుంచి వస్తోందర్రా అని అడిగితే, ఆ గదిలో ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. "ఏం కాదు తాతయ్యా, ఉత్త బొమ్మేగా!" అంటూ నా మనవరాలు పులి నోట్లోకి చెయ్యి చాచింది. నిజమే, బొమ్మే. అయినా ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.