రేణిగుంటకు ముందు పక్కిల్లు

రేణిగుంట నుంచి హైదరాబాదుకు విమానంలో గంట ప్రయాణం. చిత్తూరులో మా ఇంటి నుంచి పక్కింటికి మాత్రం నాకు రెండు రోజులు పట్టింది.

పాపకు అయిదో నెల. తండ్రి దాని ముఖం ఇంకా చూడలేదు. హైదరాబాదులో కొత్త ఉద్యోగం, సెలవు లేదు. పాపకు ఆయాసం ఉండేది. రాత్రంతా రైలుపొగలో వద్దని డాక్టరు అంటే మా ఆయన విమానం టికెట్లు పంపారు. నాకు భయపడడానికి కొత్త వస్తువు దొరికింది. అంత ఎత్తులో దీనికి ఊపిరి ఆడుతుందా? ఏడుపు ఆపకపోతే దింపేస్తారా? ఎక్కడ?

మామగారి భయం వేరు. ప్రయాణం బుధవారం పడింది.

"బుధవారం ఉత్తరానికి వారశూల గదమ్మా, ఆ దిక్కుకు ఎట్ల పోతావు?"

"విమానం పోయేది ఆకాశంలో కదా మామా?"

"ఆడ ఇంకా నేరుగా తగుల్తుంది. అడ్డమేముండాది?"

నేను బీయస్సీ చదివాను. దీనికి జవాబు ఆ పుస్తకాల్లో లేదు.

సోమవారమే మంచి గడియ చూసి పరస్థానం పెట్టించారు. అంటే నా సంచిని ఉత్తరం వైపు పక్కింట్లో ఉంచడం. సంచి గడప దాటితే మనిషి బయల్దేరినట్టే లెక్క. టికెట్లు కూడా అందులోనే ఉండాలట, లేకపోతే శూల నమ్మదు. అలా శాస్త్రప్రకారం రెండు రోజులు ప్రయాణంలో ఉంటూ ఇంట్లో అంట్లు తోముకున్నాను.

బుధవారం పొద్దున్నే చూస్తే పక్కింటికి తాళం. ఆవిడ మొదటి బస్సుకే తిరుచానూరు అమ్మవారి దర్శనానికి వెళ్లిపోయింది.

"సంచి పోయింది గదా, ఇంక మనిషెందుకులే!" అంటూ అత్త రోకలి తెచ్చి మామగారి చేతిలో పెట్టింది. "కొట్టు. గడియ బాగుండాదో లేదో సూసుకోని కొట్టు."

ఆయన నిజంగానే పంచాంగం కోసం లోపలికి నడిచారు. తాళం అత్తే పగలగొట్టింది.

సంచి తీసుకుని రేణిగుంట బస్సెక్కితే, పూతలపట్టులో డ్రైవరు తీరిగ్గా టీ తాగాడు. నేను పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ కూర్చున్నాను. ఎలాగో విమానం అందింది. పైన పాప హాయిగా నిద్రపోయింది. ఊపిరి ఆడనిది నాకే.

బేగంపేటలో దిగి బయటికి వస్తే, మా ఆయన మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు.

"ఇదేం మర్యాద?" అన్నాను.

"నాయన టెలిగ్రాం ఇచ్చినాడు. వర్జ్యం పోయేదాకా బిడ్డ ముఖం సూడొద్దన్నాడు." వాచీ చూసుకున్నారు. "ఇంకో గంటే."

"ఆ గంటలో మేం మళ్లీ రేణిగుంట పోయి, మీ నాయనకు దండం పెట్టుకోవచ్చు."

వీపు కదలలేదు. నాకు వాదించే ఓపిక లేదు. దగ్గరికి జరిగి పాపను ఆయన తలదాకా ఎత్తాను. అది జుట్టు పిడికిలి నిండా పట్టుకుని లాగింది.

"అబ్బా!" అని ఆయన తిరిగారు. ఆ తర్వాత వాచీ చూసుకోలేదు.